టాబ్లెట్‌లో టీవీ ఆడకపోతే: అడ్డు ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

టాబ్లెట్‌లో కార్యక్రమం మొదలుకాకపోతే చాలామంది వెంటనే యాప్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానివల్ల డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న ఎపిసోడ్లన్నీ పోతాయి తప్ప సమస్య తీరడం అరుదు. ముందు తెర మీది సందేశాన్ని పూర్తిగా చదవాలి. "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని ఉంటే అది ప్రసార హక్కులకు, "ఎక్కువ పరికరాల్లో చూస్తున్నారు" అని ఉంటే ఖాతా పరిమితికి సంబంధించినది. సందేశమేదీ లేకుండా చక్రం తిరుగుతూనే ఉంటే నెట్ వేగాన్ని అనుమానించాలి.

ప్రసార హక్కులను దేశాల వారీగా అమ్ముతారు కనుక, ఒకే ఖాతాతో ఒక దేశంలో కనిపించిన సిరీస్ మరో దేశంలో కనిపించకపోవచ్చు. మీరున్న దేశాన్ని నెట్‌ఫ్లిక్స్ లాంటి స్ట్రీమింగ్ సేవలు ప్రధానంగా ఐపీ అడ్రస్‌ను (నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్యా చిరునామా) బట్టి గుర్తిస్తాయి. క్రీడల ప్రత్యక్ష ప్రసారాలిచ్చే కొన్ని యాప్‌లు టాబ్లెట్ లొకేషన్‌ను కూడా అడుగుతాయి. అందువల్ల సెట్టింగ్స్‌లో యాప్‌కు లొకేషన్ అనుమతి ఉందో లేదో చూసి, ఆఫీసు పనికోసం ఆన్ చేసి మరచిపోయిన వీపీఎన్ (మీ నెట్‌ను మరో చోటి సర్వర్ మీదుగా నడిపించే సదుపాయం) ఉంటే ఆపివేయండి. సొంత దేశంలో కూర్చున్నవారికి సైతం ఈ సందేశం రావడానికి తరచుగా అదే కారణం. హద్దు దాటడానికే వీపీఎన్ వాడదామనుకుంటే, అటువంటి కనెక్షన్లను అడ్డుకుంటామని నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలోనే ప్రకటించింది. ఐరోపా సమాఖ్య చందాదారులకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది: అక్కడి మరో సభ్యదేశానికి తాత్కాలికంగా వెళ్లినవారు తాము డబ్బు కట్టిన సేవను స్వదేశంలో మాదిరిగానే చూడవచ్చని 2018 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమలులో ఉంది.

ఏకకాలంలో ఎన్ని తెరల మీద చూడవచ్చనేది ప్లాన్‌ను బట్టి మారుతుంది. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్‌లో 2, ప్రీమియంలో 4. ఇంట్లో మరో గదిలో ఆడుతున్న టీవీ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఖాతా పేజీలోని పరికరాల జాబితాలో మీకు తెలియనిది ఏదైనా కనిపిస్తే దానిని సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చండి.

ఇక వేగం సంగతి. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) చిత్రానికి కనీసం 5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. అంత వేగంతో గంటసేపు నిరంతరాయంగా డేటా వస్తే సుమారు 2.25 జీబీ అవుతుంది కనుక, మొబైల్ హాట్‌స్పాట్ మీద చూసేవారు నాణ్యతను తగ్గించుకోవడం మంచిది.

వేగం బాగానే ఉన్నా ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో బొమ్మ మసకగానే వస్తుంటే, నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లోని ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్‌ను తెరవండి. అక్కడ వైడ్‌వైన్ (వీడియోను నకలు చేయకుండా కాపాడే సాంకేతికత) స్థాయి ఎల్3 అని ఉంటే, ఆ పరికరానికి హెచ్‌డీ రాదు, ఎల్1 ఉండాలి. కొన్న తరువాత సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలు లేదు కనుక, చవక టాబ్లెట్ తీసుకునేవారు ఈ ఒక్క అంశాన్ని కొనకముందే విచారించుకోవాలి.