ఖాతాలో డబ్బు ఊరికే తగ్గిపోతోందా? ముందు నరేషన్ చదవండి

బ్రాంచికి వెళ్లి గొడవ పడేముందు యాప్‌లో స్టేట్‌మెంట్ తీసి, డబ్బు కట్ అయిన లైను పక్కన ఏం రాసుందో చూడండి, నరేషన్ అంటే అదే. జనం వదిలేసేది సరిగ్గా ఇదే. ఆ పొడి అక్షరాలు అర్థం కాకపోతే మొత్తాన్ని 1.18తో భాగించండి. 18 శాతం జీఎస్టీ పోయి పైసలు లేని పూర్తి అంకె తేలితే, అది చాలావరకు బ్యాంకు ఛార్జీయే.

17.70, 27.14 లాంటి చిల్లర

మొదటిది 15 రూపాయల ఎస్సెమ్మెస్ ఛార్జీ, మూడు నెలలకోసారి పడుతుంది. రెండోది ఉచిత కోటా దాటాక ఏటీఎం వాడినందుకు 23 రూపాయలు. వేరే బ్యాంకు ఏటీఎంలైతే హైదరాబాద్‌లో నెలకు మూడుసార్లే ఉచితం, వరంగల్, విజయవాడల్లో ఐదుసార్లు. బ్యాలెన్స్ చూసుకున్నా కోటాలో ఒకటి పోయినట్టే. అది యాప్‌లో చూసుకోండి.

ఏడాదికోసారి 236

కార్డు వార్షిక రుసుము 200. మామూలు రూపే కార్డుకి మారండి, యూపీఐతోనే గడిచిపోతుంటే కార్డు సరెండర్ చేసేయండి.

మే నెలాఖరున 436 లేదా 20

ఛార్జీ కాదు, జీవన్ జ్యోతి, సురక్షా బీమా ప్రీమియంలు. 20 రూపాయలది ఆపించకండి, రెండు లక్షల ప్రమాద బీమా అది.

కనీస బ్యాలెన్స్ జరిమానా, అదీ "నాది జీరో బ్యాలెన్స్ ఖాతా" అనుకునేవాళ్లకి

అసలు తంటా ఇక్కడే. ఉద్యోగం మారాక పాత శాలరీ ఖాతాలో జీతం పడడం ఆగితే, సాధారణంగా రెండుమూడు నెలలకి బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తుంది. ఖాతా నంబరు మారదు, కార్డు మారదు, కాబట్టి అనుమానం రాదు. కొత్త కంపెనీ జీతం అదే ఖాతాలో వేస్తున్నా, ఆ కంపెనీకి బ్యాంకుతో శాలరీ ఒప్పందం లేకపోతే అది ఉత్త నెఫ్ట్ జమ (మామూలు ఆన్‌లైన్ బదిలీ) కిందే లెక్క. జరిమానా వేసేముందు కబురు పెట్టి కనీసం నెల గడువివ్వాలని 2015 నుంచి ఆర్‌బీఐ నియమం. కానీ ఆ కబురు పాత ఆఫీసు మెయిల్‌కి పోతే ఎవరు చూస్తారు?

నెలాఖరులో డబ్బు వేసి గట్టెక్కుదామనుకోకండి. లెక్క సగటు మీద. 10,000 ఉండాల్సిన ఖాతా 25వ తేదీ దాకా ఖాళీగా ఉంటే, మిగిలిన ఐదు రోజులూ 60,000 ఉంచాలి.

చేయాల్సింది: ఖాతా వివరాల్లో స్కీమ్ పేరు చూడండి. శాలరీ అని లేకపోతే దాన్ని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాసివ్వండి. కనీస బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగు విత్‌డ్రాలు ఉచితం. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. లేదా మూసేసి, కనీస బ్యాలెన్స్ అడగని ఎస్‌బీఐకి గానీ, 500 ఉంచితే చాలనే పోస్టాఫీసుకి గానీ మారండి. మూసేముందు ఈఎంఐ, సిప్ మాండేట్లు (నెలనెలా ఖాతాలోంచి కట్ చేసుకోమని ఇచ్చిన అనుమతులు), ఆధార్ లింకు కొత్త ఖాతాకి మార్చుకోవాలి. లేకపోతే ఈఎంఐ బౌన్స్ అవుతుంది, గ్యాస్ సబ్సిడీ ఆగుతుంది.

జరిమానా కబురు లేకుండా వేశారంటే తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, ఫీజు లేదు.

నగదు జమ ఛార్జీ, సంతకం ధ్రువీకరణ ఛార్జీ లాంటివి అరుదు. నరేషన్‌లోనే కనిపిస్తాయి.