కారులో కొత్త స్విచ్ బిగించాక మీటర్ బోర్డు చీకటైతే: వైర్ల మీద చెయ్యి వేసే ముందు జాగ్రత్తలు

ఫాగ్ ల్యాంపులకో, అదనపు లైట్లకో బయట కొన్న స్విచ్ ఒకటి బిగిస్తాం. పగలు నొక్కి చూస్తే చక్కగా పనిచేస్తుంది. పొద్దుగూకాక పార్కింగ్ లైట్లు వేస్తే అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. స్పీడు ముల్లు కనబడదు. ఏసీ నాబ్ చుట్టూ ఉండే వెలుగు లేదు. అద్దాల బటన్లు చీకట్లో కలిసిపోయాయి. ఆ నిమిషంలో దాదాపు అందరి చెయ్యీ డాష్‌బోర్డు కిందికే పోతుంది. ముందు అటు పోనివ్వకండి. బండి దిగి వెనక్కి వెళ్లండి. టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు లైటు వెలుగుతున్నాయో లేదో చూడండి.

ఎందుకంటే చాలా కార్లలో డాష్‌బోర్డు వెలుగుకీ వెనక ఉన్న ఈ లైట్లకీ కరెంటు ఒకే ఫ్యూజు గుండా వెళ్తుంది. ఆ ఫ్యూజు పోతే లోపల కూర్చున్న మనకు కలిగేది చిన్న ఇబ్బందే. వెనక నుంచి వేగంగా వచ్చే లారీ డ్రైవరుకు మాత్రం మన బండి కనబడదు. ముందు హెడ్‌లైట్లు మామూలుగానే వెలుగుతుంటాయి కాబట్టి నడిపేవాళ్లకు అనుమానమే రాదు. వెనక చీకటిగా ఉంటే ఆ రాత్రికి బండి కదపకండి. "ఇంటిదాకా నెమ్మదిగా పోతాను" అనుకోవడం కూడా వద్దు. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

ముందు ఏ వెలుగు పోయిందో తేల్చుకోండి

డాష్‌బోర్డులో వెలుగులు రెండు రకాలు. ఒకటి పార్కింగ్ లైట్లు వేస్తే అంకెల వెనక, బటన్ల వెనక వచ్చే వెలుగు. రెండోది హెచ్చరిక దీపాలు: ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, బ్యాటరీ, ఇంజిన్ గుర్తులు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది మొదటి రకం గురించి. స్విచ్ బిగించాక హెచ్చరిక దీపం ఏదైనా కొత్తగా వెలిగి ఆరకపోతే అది వేరే కథ. పని చేస్తుండగా ఏదో కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) ఊడి ఉంటుంది, లేదా ముట్టుకోకూడని వైరును ముట్టుకుని ఉంటారు. అది ఎయిర్‌బ్యాగ్ దీపమైతే అక్కడితో ఆపేయండి. స్కానర్ ఉన్న మెకానిక్ చూడాల్సిందే.

పోయింది మొదటి రకమే అయితే విప్పే ముందు ఒకసారి డిమ్మర్ చక్రం, అంటే డాష్‌బోర్డు వెలుగు పెంచే, తగ్గించే చక్రం, తిప్పి చూడండి. స్టీరింగ్ పక్కన ఖాళీ స్విచ్ గళ్లు ఉండే చోటే చాలా బండ్లలో ఈ చక్రం కూడా ఉంటుంది. కొత్త స్విచ్‌ను గట్టిగా లోపలికి నొక్కేటప్పుడు వేలు తగిలి చక్రం అడుగుకు తిరిగిపోతుంది. కొన్ని బండ్లలో అడుగుదాకా తిరిగితే వెలుగు పూర్తిగా ఆరిపోతుంది. అలాగే పని కోసం తీసిన కప్లర్లన్నీ 'టిక్' అనేదాకా తిరిగి కూర్చున్నాయా చూడండి. డిమ్మర్ వెనక కప్లర్ సగం ఊడి ఉండటం చాలా మామూలు.

విప్పే ముందు

తాళం చెవి తీసేయండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ముందు విప్పండి, తిరిగి బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. పాజిటివ్ ముందు విప్పితే పానా అటు టెర్మినల్‌కీ ఇటు బాడీకీ తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. నెగెటివ్ తీశాక కూడా ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కొంతసేపు ఛార్జి నిలిచి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో బండి మాన్యువల్‌లో చూసి అంతసేపూ ఆగండి. స్టీరియోకి కోడ్ ఉన్న బండి అయితే ఆ కోడ్ ముందే దగ్గర పెట్టుకోండి. ఉంగరం, మెటల్ గడియారం తీసి పక్కన పెట్టండి.

పసుపు రంగు కప్లర్లు, పసుపు స్లీవ్ వేసిన వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిలో మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) పిన్ను గుచ్చకూడదు, టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూపే దీపం) పెట్టకూడదు, వాటికి కేబుల్ టై కూడా కట్టకూడదు.

టెస్ట్ ల్యాంప్ సంగతి కాస్త విడమరచి చెప్పాలి. లోపల మామూలు బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ పాత బండ్లకు సరిపోయేది. ఆ బల్బు లాగే కరెంటును ఇప్పటి బండ్లలోని కంట్రోల్ యూనిట్ల సన్నని సిగ్నల్ వైర్లు మోయలేవు. పది వైర్లలో ఏది ఏదో తెలియకుండా దాన్ని గుచ్చుకుంటూ పోతే బాగున్న యూనిట్ పాడవుతుంది. మల్టీమీటరే వాడండి.

ఇప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, కొత్త వైర్లు ఎక్కడెక్కడ అతికారో కనబడేలా. ఆ తర్వాత కొత్త స్విచ్ వైర్లను ఒక్కొక్కటిగా విడదీసి, కొసలకు టేపు చుట్టి, బ్యాటరీ కలిపి, పార్కింగ్ లైట్లు వేసి చూడండి. ఫ్యూజు పోయి ఉంటే అదే విలువ కొత్తది పెట్టాకే వెలుగు వస్తుంది. ఏ వైరు తీస్తే వెలుగు తిరిగొచ్చిందో తప్పు ఆ వైరు దగ్గరే. నిన్నటిదాకా బాగున్న బండిలో ఇవాళ లోపం వచ్చిందంటే అది మన చెయ్యి చివరగా తగిలిన చోటే ఉంటుంది. ఎక్కడో మీటర్ బోర్డు లోపల వెతకడం దండగ.

డిమ్మర్ ఏ వైపు ఉంది?

తికమకంతా వచ్చేది ఇక్కడే. పార్కింగ్ లైట్ స్విచ్ నుంచి వచ్చిన 12 వోల్టుల సప్లై ఫ్యూజు దాటి, మీటర్ బోర్డు వెనక, ఏసీ ప్యానెల్ వెనక, బటన్ల లోపల ఉన్న చిన్న చిన్న బల్బులకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడో డిమ్మర్ ఉంటుంది. కొన్ని కార్లలో అది పాజిటివ్ వైపు, అంటే బల్బులకు ముందు. మరికొన్నిటిలో, చాలా జపాన్ కార్లలో, నెగెటివ్ వైపు, అంటే బల్బుల తర్వాత. ఈ రెండో రకంలో బల్బు నెగెటివ్ వైరు నేరుగా బాడీకి పోదు. డిమ్మర్ గుండా పోయి ఆ తర్వాత బాడీకి చేరుతుంది, అంటే ఎర్త్ అవుతుంది.

కొత్త స్విచ్‌లోని చిన్న లైటు వెలగడానికి మనం పక్క బటన్ నుంచి రెండు వైర్లు లాక్కుంటాం. "ఒకటి పాజిటివ్, రెండోది ఎర్త్" అనుకుని ఆ రెండోదాన్ని బాడీకి కలిపేస్తాం. డిమ్మర్ నెగెటివ్ వైపు ఉన్న బండిలో అలా చేస్తే డాష్‌బోర్డంతా ఒక్కసారి పూర్తి వెలుగుతో మండుతుంది, డిమ్మర్ తిప్పినా తగ్గదు. డిమ్మర్ పాజిటివ్ వైపు ఉన్న బండిలో డిమ్మర్ నుంచి వచ్చే వైరును పొరపాటున బాడీకి కలిపితే అది నేరుగా షార్ట్. ఫ్యూజు పోతుంది, అది పోయేలోపు డిమ్మరే కాలిపోవచ్చు. ఇంకో పొరపాటు ఉంది: దగ్గర్లో ఉంది కదా అని ఈ డిమ్మర్ నెగెటివ్ వైరునే కొత్త రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆర్పే స్విచ్‌కి) ఎర్త్‌గా వాడటం. అప్పుడు రిలే కరెంటు కూడా డిమ్మర్ గుండానే పోతుంది. స్విచ్ వేసినప్పుడల్లా డాష్‌బోర్డు వెలుగు మారుతుంది, డిమ్మర్ తగ్గించి ఉంటే రిలే సరిగా పనిచేయదు. వైరు రంగు చూసి ఎర్త్ అని నిర్ధారించకండి. మల్టీమీటర్‌ను వోల్టుల మీద పెట్టి, నల్ల పిన్ను బాడీకి తాకించి, ఎర్ర పిన్నుతో ఆ వైరును చూడండి. డిమ్మర్ తిప్పుతుంటే అంకె మారిందంటే అది ఎర్త్ కాదు.

కొత్త స్టీరియో బిగించేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. నారింజ రంగు డిమ్మర్ వైరును దేనికి కలపాలో తెలియక బాడీకి కలిపేసి ఫ్యూజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. తెలియకపోతే కొసకు టేపు చుట్టి వదిలేయండి, పాట ఆగిపోదు.

మూడు పిన్నుల స్విచ్‌తో నాకు జరిగింది

లోపల లైటు ఉన్న స్విచ్‌లకు సాధారణంగా మూడు పిన్నులుంటాయి: సప్లై, లోడ్ (లైట్లకు పోయేది), ఎర్త్. చాలా స్విచ్‌లలో ఎర్త్ పిన్ను ఒక్కటీ ఇత్తడి రంగులో ఉంటుంది, మిగతా రెండూ తెల్లగా మెరుస్తాయి. సప్లై, లోడ్ తారుమారైతే ఫాగ్ ల్యాంపులు బాగానే వెలుగుతాయి, ఆరుతాయి. స్విచ్‌లోని చిన్న దీపం మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. లోడ్, ఎర్త్ తారుమారైతే స్విచ్ వెయ్యగానే సప్లై నేరుగా బాడీకి పోయి ఫ్యూజు పేలుతుంది.

నేను మొదటిసారి ఫాగ్ ల్యాంప్ స్విచ్ బిగించినప్పుడు పిన్నులు సరిగ్గానే పెట్టాను. చేసిన తప్పు సప్లై దగ్గర. దగ్గరగా ఉందని పక్క బటన్ వెలుగు వైరు నుంచే సప్లై తీశాను, రిలే పెట్టలేదు. రెండు 55 వాట్ల బల్బులంటే 110 వాట్లు, 12 వోల్టుల లెక్కన 9 ఆంపియర్లు దాటుతుంది. అదే దారిలో టెయిల్ లైట్లూ ఉన్నాయి, ఫ్యూజు చూస్తే 10 ఆంపియర్లది. అరగంట నడిచాక డాష్‌బోర్డు చీకటైంది. దగ్గర్లో ఒకాయన 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకోమని చేతిలో పెట్టబోయాడు. ఎందుకో మనసొప్పక ముందు జాయింటు దగ్గర టేపు విప్పాను. టేపు జిగురు కరిగి వేలికి అంటుకుంది. కింద వైరు తొడుగు మెత్తబడి, నొక్కితే సొట్ట పడుతోంది. లోపల రాగి తీగ ఎర్రదనం పోయి ముదురు గోధుమరంగుకు తిరిగింది. ఆ 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి ఉంటే ఫ్యూజు నిలిచేది, కార్పెట్ కింద వైరు కాలేది.

అందుకే ఫ్యూజు విషయంలో బేరాలొద్దు. ఫ్యూజు బాక్సు మూత మీద ఎంత రాసి ఉంటే అంతే. రంగులు కూడా గుర్తుపెట్టుకోండి: 7.5 గోధుమ రంగు, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు. అదే విలువ ఫ్యూజు రెండోసారీ పోయిందంటే మూడోది పెట్టకండి, షార్ట్ ఎక్కడుందో వెతకండి. ఫ్యూజు బదులు వెండి కాగితం, రాగి తీగ పెట్టడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

భారమైన లైట్లకు సరైన దారి రిలే. రిలే 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సప్లై, 87వ పిన్ను నుంచి లైట్లకు, 85, 86 పిన్నుల మధ్య కాయిల్ (రిలేను నడిపే తీగచుట్ట). కాయిల్ లాగేది ఆంపియర్‌లో ఐదో వంతు లోపే, కాబట్టి స్విచ్ మీద భారం పడదు. ఫ్యూజును బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టండి.

మిగతా లక్షణాలు

ఫాగ్ ల్యాంప్ స్విచ్ వేస్తే పార్కింగ్ లైట్లు వెయ్యకుండానే డాష్‌బోర్డు వెలుగుతోందా? కొత్త స్విచ్ గుండా కరెంటు వెలుగు వైరులోకి ఎదురు దారిలో పోతోంది. స్విచ్ దీపానికి పోయే కొమ్మలో 1ఎన్4007 లాంటి డయోడ్ (కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే చిన్న భాగం) పెడితే ఆగుతుంది, వెండి గీత దీపం వైపు ఉండాలి. డయోడ్ మోసేది 1 ఆంపియరే కాబట్టి దాన్ని ఆ చిన్న దీపం వరకే వాడాలి.

ఇండికేటర్ వేసినప్పుడల్లా డాష్‌బోర్డు వెలుగు దానితో పాటు కొట్టుకుంటుంటే ఎర్త్ బలహీనంగా ఉంది. పెయింటు మీద బిగించిన స్క్రూ ఎర్త్ కాదు. పెయింటు గీకి, రింగ్ టెర్మినల్ పెట్టి బిగించండి. లైట్లన్నీ వేసి, మల్టీమీటర్‌తో బ్యాటరీ నెగెటివ్‌కీ ఆ ఎర్త్ పాయింటుకీ మధ్య చూస్తే 0.2 వోల్టులకు మించకూడదు.

బండి ఆపి తాళం తీశాక కూడా స్విచ్ దీపం వెలుగుతుంటే బ్యాటరీ రోజూ కాస్త కాస్త ఖాళీ అవుతోంది. సప్లైని ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే ఫ్యూజుకు మార్చండి.

కొత్త బండ్లలో లైట్ స్విచ్ కరెంటును నేరుగా మోయదు. బాడీ కంట్రోల్ యూనిట్‌కు సంకేతం మాత్రమే పంపుతుంది, ఆ యూనిట్ కరెంటును సెకనుకు వందలసార్లు ఆపి వదులుతూ వెలుగు తగ్గిస్తుంది. అలాంటి వైరుకు ఎల్‌ఈడీ స్విచ్ కలిపితే దీపం మిణుకుమంటుంది, ఆరాల్సిన వేళ లీలగా వెలుగుతుంది. ఆ వైర్లను అసలు కొయ్యకండి. దీపం లేని స్విచ్ కొనడమే నా సలహా.

తిరిగి మూసే ముందు

వైరును సగం చీల్చి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు కొన్నాళ్లకు వదులవుతాయి. క్రింప్ చేసి, అంటే లోహపు జాయింటుతో నొక్కి బిగించి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టుకునే తొడుగు) వేయండి. స్టీరింగ్ రాడ్డు తిరిగే చోట, పెడల్స్ పైన వైరు వేలాడకూడదు. సీట్లో కూర్చుని స్టీరింగ్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పండి, బ్రేకు, క్లచ్ పూర్తిగా తొక్కండి, ఎక్కడైనా వైరు కదులుతోందేమో వంగి చూడండి. బ్రేకు పెడల్ వెనక చిక్కుకున్న ఒక్క వైరు చాలు.

తర్వాత ఇంకొకరిని వెనక నిలబెట్టి టెయిల్, బ్రేకు, ఇండికేటర్, నంబర్ ప్లేటు లైట్లు ఒక్కొక్కటే వేసి అడగండి. అరగంట అన్నీ వెలగనిచ్చి, కొత్త జాయింట్ల మీద, ఫ్యూజు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే మళ్లీ విప్పాల్సిందే. అన్నీ బాగుంటే ఏ రంగు వైరు నుంచి ఏం తీశారో, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు పెట్టారో ఒక కాగితం మీద రాసి ఫ్యూజు మూత లోపల అతికించండి. రెండేళ్ల తర్వాత ఆ మూత తీసే మనిషి మీరు కాకపోవచ్చు.