అలెగ్జాండ్రైట్ ఉంగరం చేయించుకునే ముందు రాయిని ఏ వెలుగులో చూడాలి

విజయవాడ గవర్నరుపేటలోనో బీసెంట్ రోడ్డులోనో అలెగ్జాండ్రైట్ ఉంగరం కొనదలచినవారు పొద్దు వాలకముందే దుకాణానికి చేరుకోవాలి. ఈ రాయి విలువ ప్రధానంగా అది రంగు మార్చే తీరులో ఉంటుంది. ఆ మార్పును పగటి వెలుగు లేనిదే తేల్చుకోలేము. వెళ్లేటప్పుడు ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె కూడా వెంట ఉంచుకోండి.

నవరత్నాల్లోని వైడూర్యమూ ఇదీ ఒకే ఖనిజం, క్రిసోబెరిల్. అందులో కొద్దిపాటి క్రోమియం చేరితే అలెగ్జాండ్రైట్ అవుతుంది. 1830లలో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో బయటపడ్డ ఈ రాయికి అప్పటి యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టారు. క్రోమియం పసుపు వెలుగును పీల్చుకొని ఆకుపచ్చనూ ఎరుపునూ దాదాపు సమానంగా వదిలేస్తుంది కనుక, నీలం, ఆకుపచ్చ కిరణాలు దండిగా ఉండే పగటిపూట రాయి ఆకుపచ్చగానూ, ఎరుపు పాలు హెచ్చుగా ఉండే దీపం దగ్గర ఎర్రగానో ఊదాగానో కనిపిస్తుంది.

దుకాణాల్లో వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ దీపాల కింద ఈ మార్పు సరిగా తెలియదు. అందువల్ల రాయిని తెల్ల కాగితం మీద ఉంచి, గుమ్మం దగ్గర నీడపట్టున ఒకసారి చూడండి. మన ఊరి ఎండలో నేరుగా పెడితే మెరుపే తప్ప రంగు తెలియదు. తరువాత లోపల చీకటిగా ఉన్న మూల కొవ్వొత్తి వెలిగించి మళ్లీ చూడండి. (దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి.) ఆకుపచ్చ పూర్తిగా ఎరుపుకు మారే రాయి అరుదు, ఖరీదు ఎక్కువ, రెండు వెలుగుల్లోనూ గోధుమ ఛాయ వదలకపోతే ధర తగ్గాలి. పగటిపూట నీలిబూడిదగా, దీపం దగ్గర గులాబీఊదాగా మారుతూ, పెద్దదిగా, మచ్చ లేకుండా, చవకగా దొరికేది చాలావరకు వనేడియం అనే లోహం కలిపి తయారుచేసిన కృత్రిమ కురువిందమే (కెంపు, నీలం రాళ్ల ఖనిజం).

అయితే కొవ్వొత్తి పరీక్షకూ ఒక హద్దు ఉంది. 1970ల నుంచి ప్రయోగశాలల్లో పెంచుతున్న అలెగ్జాండ్రైట్ కూడా అచ్చం ఇలాగే రంగు మారుస్తుంది, ఎందుకంటే దాని పదార్థమూ అదే. భూమిలో పుట్టినదో కాదో లోపలి గుర్తులను సూక్ష్మదర్శినితో, పరికరాలతో చూసే ప్రయోగశాలే చెప్పగలదు. 1972లో మొదలైన జైపూర్ రత్నపరీక్షా కేంద్రం వంటి చోటికి రాయిని, బంగారంలో బిగించకముందే, విడిగా పంపించాలి. ధ్రువపత్రంలో సహజమైనదనీ, క్రిసోబెరిల్ అనీ, అలెగ్జాండ్రైట్ అనీ మూడూ రాసి ఉండాలి. పగుళ్లలో నూనె గానీ రెసిన్ గానీ నింపారేమో కూడా చూసుకోవాలి.

నర్సీపట్నం వైపు కొండల్లో ఈ రాయి దొరుకుతుందన్నది నిజమే కానీ, అక్కడ అనుమతి లేని రంగురాళ్ల తవ్వకాలు కూడా జరుగుతుంటాయి. అందువల్ల పొట్లంలో తెచ్చి చూపే రాయిని బిల్లు లేకుండా కొనవద్దు.

ఉంగరానికి 22 క్యారెట్ల బంగారం మెత్తన; రాయిని పట్టే కొక్కేలకు 18 క్యారెట్లే గట్టిది. వెనుక రేకు మూయకుండా తెరిచి ఉంచమని కంసాలికి ముందే చెప్పండి, లేకుంటే వెలుగు ఆడక రంగు మార్పు మందగిస్తుంది. హాల్‌మార్క్, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య బంగారానికే హామీ, రాయికి కాదు. బిల్లులో రాయి బరువును బంగారం బరువులోంచి తీసివేశారో లేదో లెక్క చూసుకోండి: రాళ్ల తూకంలో ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు (బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు).

పదికి లెక్కించే మోస్ కొలతలో ఈ రాయి కాఠిన్యం 8.5 కాబట్టి రోజూ ధరించవచ్చు, కానీ వజ్రాల నగలతో ఒకే పెట్టెలో పెడితే గీతలు పడతాయి. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు శుభ్రానికి చాలు. పగుళ్లున్న రాయిని అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయనివ్వకండి.