మార్కులు బాగా వస్తున్నా సరే, బడిలో సాయం అడగండి

నౌపడ-గుణుపురం లైన్లో ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుందో మా బాబు నాలుగో ఏటే గడగడా చెప్పేవాడు. ఇప్పుడు మూడో తరగతి, మూడంకెల గుణకారాలు నోటితోనే చేసేస్తాడు. కానీ బెల్లు మోగితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరతాడు. పీరియడ్ మారితే ఏడుస్తాడు. నోట్సు రాయడు. "ఇంత తెలివైన పిల్లాడికి సమస్యేంటమ్మా, వట్టి మొండితనం" అన్నారు బడిలో. ఆ మాట నమ్మి ఒక ఏడాదంతా వాణ్నే తిట్టాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఇలాంటివి ఆటిజం గుర్తులు కూడా కావచ్చు, అంటే మెదడు ఎదుగుదలలో తేడా వల్ల శబ్దాలు, మార్పులు, నలుగురితో మాట కలపడం కష్టమయ్యే స్థితి. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నాలాంటి తల్లులు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. రెండు వారాలు చాలు. "ఎప్పుడూ అల్లరే" అని రాయకండి. "సోమవారం, ప్రార్థన బెల్లు, బల్ల కింద పదిహేను నిమిషాలు" అని రాయండి. దేనికి ముందు అలా జరిగింది, ఎలా కుదుటపడ్డాడు అన్నవే ముఖ్యం. వాడికి బాగా వచ్చినవి కూడా అందులోనే రాయండి.

ఆటిజమో కాదో తేలేదాకా ఆగనక్కర్లేదు. హెడ్‌మాస్టర్‌కి ఉత్తరం ఇవ్వండి, కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. నాకు ఒడియా మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. పక్కింటి అమ్మాయి చేత రాయించాను. "మా వాణ్ని బాగా చూసుకోండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. నేను నాలుగే అడిగాను: బెల్లుకు దూరంగా కూర్చోబెట్టడం, పీరియడ్ మారే ముందు చెప్పడం, కొన్ని జవాబులు నోటితో అప్పజెప్పనివ్వడం, లెక్కలు ముందే అయిపోతే ఇంకా కష్టమైనవి ఇవ్వడం. నాలుగోది అడగడానికి మొహమాటపడకండి. వచ్చిన లెక్కనే ఇరవైసార్లు చేయమంటే మా వాడికి పిచ్చెక్కేది, సగం గొడవ అక్కడే మొదలయ్యేది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది. పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్ బడులకు చెబుతోంది. ప్రభుత్వ బడైతే, సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పథకం కింద ఇలాంటి పిల్లల కోసం ఉండే ప్రత్యేక టీచర్ మీ బడికి ఎప్పుడు వస్తారో బ్లాక్ విద్యాధికారి ఆఫీసులో అడగండి.

ఆటిజం ఉందో లేదో పరీక్ష చేయించడానికి జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌తో మొదలుపెట్టండి. మానసిక నిపుణులు అక్కడ లేకపోతే బరంపురం మెడికల్ కాలేజీకి రాయించుకోండి. మన వైపు వాళ్లు ఒక్క విషయం మరిచిపోకూడదు: పిల్లాడు ఇంట్లో ఏ భాషలో మాట్లాడతాడో మొదటే చెప్పండి. మొదటిసారి ఒక చోట అన్నీ ఒడియాలో అడిగారు. వీడు నోరు విప్పలేదు. "మాటలు ఆలస్యం" అని రాసిచ్చేశారు. రెండోసారి ప్రశ్నలు నేను తెలుగులో చెబుతుంటే, స్టేషన్ల పేర్లతో సహా అరగంట మాట్లాడాడు. మన దేశంలో ఆటిజానికి వాడే ఐఎస్‌ఏఏ అనే కొలతలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. పిల్లాణ్ని గమనించడంతో పాటు మీరు చెప్పేదాన్ని కూడా బట్టి వేస్తారు కాబట్టి నోట్‌బుక్ తీసుకెళ్లండి.

వైకల్యం ఉందని సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడికి పేరు పడిపోతుందని మా అత్తయ్య భయపడ్డారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. కానీ "మొండోడు" అన్న పేరు వాడికి అప్పటికే పడింది కదా అన్నాను. ఆటిజం అని తేలితే యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి, ఆన్‌లైన్లో అప్లై చేయవచ్చు.

ఉత్తరం ఇచ్చిన పదిహేను రోజులకి మళ్లీ వెళ్లి ఏది కుదిరింది, ఏది కుదరలేదో అడగండి. మా వాడి సీటు కిటికీ పక్కకి మార్చారు, బెల్లుకి దూరం. నోటితో జవాబుల సంగతి ఇంకా తేలలేదు, వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాను.