క్లార్క్ ఆష్టన్ స్మిత్‌ని చదివే ముందు డిక్షనరీ మూసేయండి

1930ల్లో వియర్డ్ టేల్స్ అనే అమెరికన్ వింత కథల పత్రికలో, భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్‌తో పాటు తరచూ కనబడే పేరు స్మిత్‌ది. రెండు పేజీలు చదివి "అబ్బో, ఈ ఇంగ్లీషు మన వల్ల కాదు" అని పక్కన పడేయడం మామూలే. నేనూ పడేశాను, అదీ రెండుసార్లు.

మొదటి పేరా పైకి చదవండి. తెలియని మాట దగ్గర ఆగొద్దు. ఆయన ముందు కవి. తొలి కవితల పుస్తకం 1912లోనే వచ్చింది, కథలు జోరుగా రాసింది చాలా ఏళ్ల తర్వాత. హైస్కూలు చదువు లేదు, ఇంట్లో కూర్చుని నిఘంటువే నమిలేశాడు. అందుకే ఆ వాక్యాల్లో మాటకి అర్థం ఎంతో, మోత కూడా అంతే. దండకం వింటూ ప్రతి సమాసాన్నీ విడగొట్టుకోం కదా, ఇదీ అంతే.

"ది ఎంపైర్ ఆఫ్ ది నెక్రొమాన్సర్స్" (1932)తో మొదలుపెట్టండి, చిన్న కథ. మంత్రగాళ్లు ఇద్దరు చచ్చిన రాజుల్ని లేపి ఊడిగం చేయించుకుంటారు. మొదటి వాక్యంలో "షల్" అన్న మాట పట్టుకోండి: ఈ గాథ ఇకముందు పుడుతుంది అంటున్నాడు! సూర్యుడు మసకబారిన కాలంలో, భూమ్మీద మిగిలిన చివరి ఖండంలో జరగబోయే కథని పాత పురాణంలా చెబుతాడు. నాకైతే దెయ్యాల కన్నా ఆ కాలం తిరగబడటమే ఒళ్లు జలదరింపజేసింది.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ తీయండి. ఒకటికి రెండుసార్లు తగిలిన మాటలకే అర్థం వెతకండి, మిగతావి వదిలేయండి.