హెచ్4 మీద ఉన్న ఇంట్లోవాళ్ల స్టేటస్ ఎలా చూసుకోవాలి

అమెరికాలో మీరు హెచ్1బీ (ఉద్యోగ వీసా), ఇంట్లోవాళ్లు హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య/భర్త, పిల్లలకిచ్చే వీసా) అయితే ముందు అందరి ఐ-94లు (అమెరికాలోకి వచ్చిన ఎంట్రీ రికార్డులు) డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి, వీసా స్టాంప్ మీద డేట్ కాదండీ, ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 డేటే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు... మీ హెచ్1బీ ఎక్స్‌టెండ్ అయితే వాళ్లది దానంతటదే అవ్వదు, ఐ-539 (స్టే పొడిగించమని అడిగే ఫారం) విడిగా వేయాలి, అదీ పాత డేట్ దాటకముందే. పాస్‌పోర్ట్ త్వరగా ఎక్స్‌పైర్ అయ్యేలా ఉంటే ఎంట్రీలో ఐ-94 ఆ డేట్ వరకే ఇచ్చేస్తారు ఒక్కోసారి, పిల్లల పాస్‌పోర్ట్ మామూలుగా ఐదేళ్లే కాబట్టి ఇండియా నుంచి తిరిగొచ్చేముందే రెన్యూ చేయించండి, వచ్చాక ప్రతి ఒక్కరి ఐ-94 మళ్లీ చెక్ చేయండి.

హెచ్4 మీద చదువుకోవచ్చు. జాబ్ చేయాలంటే ఈఏడీ (వర్క్ పర్మిట్) కావాలి, అది 2015 నుంచి భార్య లేదా భర్తకి మాత్రమే, ఎక్కువగా మీ ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యాకే, పిల్లలకి లేదు.

మీ జాబ్ పోతే 60 రోజుల వరకు, ఐ-94 అంతకన్నా ముందే అయిపోతే అప్పటివరకే, టైమ్ ఉంటుంది, ఇంట్లోవాళ్లకీ అంతే.

పిల్లలకి 21 నిండితే హెచ్4 ఉండదు, అందుకే 19, 20 ఏళ్లప్పుడే లాయర్‌తో ఎఫ్1 (స్టూడెంట్ వీసా) సంగతి మాట్లాడండి ప్లీజ్, గ్రీన్‌కార్డ్ వచ్చేస్తుందిలే అని కూర్చోవద్దు, మనవాళ్ల క్యూ చాలా పెద్దది.