మొబైల్ నెట్‌వర్క్ లెక్కలు, 4వ భాగం: కాల్స్‌కి పోగా మిగిలిన స్లాట్లు

పోయినసారి ఎర్లాంగ్ బి టేబుల్ (ఇన్ని లైన్లుంటే ఎంత కాల్స్ రద్దీని మోయగలవో చెప్పే పట్టిక) చూడటం నేర్చుకున్నాం కదా, దాన్ని పక్కనే పెట్టుకోండి, జీపీఆర్ఎస్ (2జీ ఫోన్లలో ఇంటర్నెట్) డేటా వచ్చి చేరితే ఆ లెక్క ఏమవుతుందో ఇవాళ వేసి చూద్దాం. (ఈ రోజుల్లో కూడా 2జీ ఏంటి అంటారేమో, కాగితం మీద చేత్తో వేయగలిగేది ఇదే మరి.)

జీఎస్ఎమ్‌లో, అంటే 2జీలో, ఒక్కో క్యారియర్ (రేడియో ఛానెల్) 200 కిలోహెర్ట్జ్, దాంట్లో 8 టైమ్ స్లాట్లు, ఒక్కో స్లాట్‌లో ఒక కాల్. మన సెక్టార్‌కి (టవర్ ఒక వైపు కవర్ చేసే ప్రాంతం) రెండు క్యారియర్లు అనుకోండి, 16 స్లాట్లు, సిగ్నలింగ్‌కి 2 పోతే 14.

ఎవరికైనా ముందు తోచేది ఏంటంటే 4 స్లాట్లు డేటాకి రాసిచ్చేసి చేతులు దులుపుకోవడం. అప్పుడు వాయిస్‌కి 10, టేబుల్‌లో 2 శాతం బ్లాకింగ్ (వందలో రెండు కాల్స్‌కి స్లాట్ దొరకకపోవడం) దగ్గర 5.08 ఎర్లాంగ్‌లు (ఒక స్లాట్ గంటంతా బిజీగా ఉంటే ఒక ఎర్లాంగ్). 14 ఉన్నప్పుడు 8.20 ఉండేది! స్లాట్లు పోయింది 29 శాతమే, కెపాసిటీ మాత్రం 38 శాతం పోయింది. కాల్ సగటున 2 నిమిషాలైతే గంటకి 246 కాల్స్ కాస్తా 152 అయ్యాయి.

ఇప్పుడు ఇంకోలా చేద్దాం. డేటాకి ఖాయంగా ఒక్కటే, మిగతా 13 వాయిస్‌వి, కాకపోతే ఖాళీగా ఉన్నంతసేపు డేటా వాడుకోవచ్చు, కాల్ రాగానే లేవాలి, బస్సులో లేడీస్ సీట్లో కూర్చున్న మగాళ్లలాగా. 13కి 7.40 ఎర్లాంగ్‌లు, అంటే 222 కాల్స్. 2 శాతం బ్లాకింగ్‌లో పోగా సగటున 7.25 స్లాట్లు బిజీ, ఖాళీ 5.75, ఖాయంగా ఉన్నది కలిపితే డేటాకి 6.75. రాసిచ్చిన 4 కంటే ఎక్కువ! మొదటిసారి చూసినప్పుడు నేను తప్పు చేశాననుకుని మళ్లీ వేశా.

కిటుకు ఎక్కడుందంటే, కాల్‌కి ఆగే ఓపిక లేదు, స్లాట్ దొరక్కపోతే అంతే సంగతులు, అందుకే రద్దీ గంటలో కూడా ఐదారు స్లాట్లు ఖాళీగా పడుండాల్సిందే, ప్యాకెట్ అయితే క్యూలో నిలబడుతుంది కాబట్టి ఆ ఖాళీలన్నీ దానికి పనికొస్తాయి.

కానీ 6.75 అనేది సగటు సుమా. 13 స్లాట్లూ కాల్స్‌తో నిండిన నిమిషంలో డేటా వాళ్లందరూ ఆ ఒక్క స్లాట్ మీదే పడతారు, సీఎస్-2 కోడింగ్‌లో (జీపీఆర్ఎస్ డేటాని పంపే పద్ధతుల్లో ఒకటి) అది మొత్తం 13.4 కేబీపీఎస్, అదీ అందరూ పంచుకోవాలి.

హోమ్‌వర్క్: ఖాయంగా 2 ఇస్తే గంటకి ఎన్ని కాల్స్ తగ్గుతాయి? (12కి 6.61.) వచ్చే భాగంలో హాఫ్ రేట్, ఒకే స్లాట్‌లో రెండు కాల్స్.